మెడ దాకా చూపించిన అద్దం

మేస్త్రీ సెలూన్‌లో మూడు కుర్చీలున్నాయి. రెండింటిలో ఎవరు పడితే వాళ్ళు కూర్చుంటారు. మూడోది ఇప్పుడు కిటికీ పక్కన ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున ఏడింటికి, షట్టరు ఇంకా సగమే ఎత్తి ఉండగా, అందులో ఆయన కొడుకు కూర్చునేవాడు. ఏడాది నిండని పిల్లవాణ్ణి కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెట్టిన నాటి నుంచి ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా ఆ తల మీద ఇంకొకరి కత్తెర పడలేదు. జ్వరం వచ్చినా, పరీక్షలున్నా, ఒకసారి ఇద్దరికీ మాటా మాటా పెరిగి వారం రోజులు మొహాలు చూసుకోకపోయినా, ఒకటో తారీఖు మాత్రం తప్పలేదు.

వాడిది పుట్టుకతోనే ఒత్తైన ఉంగరాల జుట్టు. దువ్వెన లోపలికి దిగితే మళ్ళీ బయటికి రానని మొరాయించేది. షాపుకొచ్చేవాళ్ళు వాడికి 'ఉంగరాలు' అని పేరు పెట్టేశారు, అసలు పేరు బడి రిజిస్టరులో ఉండిపోయింది. నడినెత్తిన రెండు సుడులు కూడా ఉండేవి. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్ళిళ్ళట కదా, ఇద్దరు పెళ్ళాల చేత తిట్లు తినే ఓపిక ఉందా నీకని గడ్డాలకు వచ్చినవాళ్ళు ఆటపట్టిస్తుంటే, వాడు చెక్క మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ నవ్వేవాడు. మేస్త్రీ పైకి ఏమీ అనేవాడు కాదు గానీ కొడుకు జుట్టుని చూసి లోపల్లోపల మురిసిపోయేవాడు.

ఇంట్లో మాత్రం తండ్రీ కొడుకులిద్దరూ మాటల పిసినారులు. భోజనాల దగ్గర ఉప్పు, నీళ్ళు అన్న రెండు మాటలు తప్ప మూడోది వినబడేది కాదు. మీ ఇద్దరి మధ్యా కూర్చుని తినేకన్నా గోడతో కబుర్లు చెప్పుకోవడం నయమని వాళ్ళమ్మ విసుక్కునేది. పాపం ఆవిడకి తెలియనిదేమిటంటే, ఒకటో తారీఖు ఆ అరగంటా ఇద్దరూ తెగ వాగేవారు. ఎదురెదురుగా కూర్చుంటే పెగలని నోళ్ళు, ఒకడు కూర్చుని ఇంకొకడు వెనక నిలబడి అద్దంలో చూసుకుంటుంటే ఎలా పెగిలేవో దేవుడికే తెలియాలి. పంతులు చెవి మెలిపెట్టిన సంగతి, దొంగచాటుగా సిగరెట్టు కాల్చి కక్కుకున్న సంగతి, పరీక్ష తప్పిన సంగతి, సూపర్‌మార్కెట్లో ఉద్యోగం దొరికిన సంగతి, అన్నీ మొదట ఆ కుర్చీలోనే బయటపడ్డాయి. మేస్త్రీ కూడా తన తండ్రి గురించి, తన భయాల గురించి వాడికి తప్ప ఎవరికీ చెప్పి ఎరగడు. బతుకు మొత్తం మీద ఆయనకు ఇంతకు మించిన సంపాదన లేదు.

ఈ పనిలో ఒక పద్ధతుంది. మేస్త్రీకి పని నేర్పిన ముసలాయన దాన్ని మొదటి వారంలోనే నూరిపోశాడు. జుట్టు పలచబడుతున్న మనిషి కుర్చీలో కూర్చుంటే ఆ ఊసే ఎత్తకూడదు. ఎత్తావో, ఆ మనిషి మళ్ళీ నీ గడప తొక్కడు. కటింగ్ అయ్యాక వెనక నుంచి చేతి అద్దం పట్టి చూపిస్తారు కదా, అప్పుడు దాన్ని కాస్త కిందికి దించి పట్టాలి. మెడ మీద గీత కనిపిస్తుంది, చెవుల వెనక నునుపు కనిపిస్తుంది, నడినెత్తి కనిపించదు. వచ్చినవాడు బాగుందని తల ఊపి లేచి వెళ్ళిపోతాడు. దీన్ని మేస్త్రీ ఏనాడూ మోసమనుకోలేదు, మర్యాద అనుకున్నాడు. నలభై ఏళ్ళలో ఎన్ని తలలకు అలా అద్దం దించాడో ఆయనకే తెలియదు.

అలాగని జుట్టు కబుర్లు షాపులో ఉండవని కాదు, అసలు ఉండేవే అవి. బస్సు డ్రైవరొకడు రెండు నెలలు నెత్తికి ఉల్లిపాయ రసం పట్టించాడు. జుట్టు రాలేదు సరికదా, భార్య పక్క దులుపుకుని వేరే గదిలోకి మారింది. బట్టల షాపాయన డాక్టరు రాసిచ్చిన మందు రోజుకు రెండు పూటలా నెత్తికి రాసుకున్నాడు. ఆరు నెలలకు నిజంగానే సన్నటి నూగు మొలిచి నల్లబడింది. ఇక వచ్చేసిందిగా అని మందు మానేశాడు, మరో ఆరు నెలలకు వచ్చింది వచ్చినట్టే పోయింది. మానకూడదని డాక్టరు చెప్పిన మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, మందునే తిట్టిపోశాడు. బ్యాంకు ఆఫీసరు వెనక జుట్టు తీయించి ముందు నాటించుకున్నాడు. నెల రోజులు టోపీ కింద దాక్కుని, ఏడాది తిరిగేసరికి నుదుటి మీద పడే క్రాఫుతో వచ్చి కూర్చున్నాడు. మిగిలిన సొంత జుట్టు రాలకుండా మాత్ర కూడా వేసుకుంటున్నానని, ఇదంతా పదేళ్ళ ముందే చేయించుకోవాల్సిందని అనేవాడు.

ఇక లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయనది తెచ్చిపెట్టుకున్న జుట్టు. జిగురుతో అతికించే ఆ ప్యాచ్‌ని మూడు వారాలకోసారి ఊడదీసి, కడిగి, మళ్ళీ అతికించేది మేస్త్రీయే. ఒకసారి అలా ఊడదీసినప్పుడు మాస్టారు తన బోడి నెత్తిని తనే నిమురుకుంటూ, మనవడు ఒళ్ళో కూర్చుని ఇలా తట్టేవాడయ్యా, ఇది పెట్టుకున్నాక నేనే తట్టనివ్వడం లేదు అన్నారు. మేస్త్రీకి ఆ మాట చాలా రోజులు తొలుస్తూనే ఉంది.

ఇన్ని చూసినవాడు ఏం తేల్చుకోవాలి? కొందరికి కుదిరింది, కొందరికి కుదరలేదు, వైద్యమన్నాక అంతే కదా. కానీ మేస్త్రీ మనసు చెడినవాటినే మూటగట్టుకుంది. బ్యాంకు ఆఫీసరుది అదృష్టమనీ, మిగతావాళ్ళది అసలు సంగతనీ ఖాయం చేసుకుంది. పోయే జుట్టు పోతుంది, మధ్యలో మనిషి గాభరాపడటం తప్ప ఒరిగేదేమీ లేదన్నది ఆయన నమ్మకం. డాక్టర్ల గురించి ఆయనకు తెలిసింది సున్నా. ఆ సున్నాతోనే కొడుకు విషయం కూడా తేల్చేశాడు.

వాడికి పందొమ్మిదేళ్ళప్పుడు ఒక ఒకటో తారీఖున జుట్టు తడిపి వేళ్ళ మధ్యకు తీసుకుంటే, కుడి సుడి దగ్గర పట్టు తక్కువగా తగిలింది. కంటికింకా ఏమీ ఆనదు. వేళ్ళకు మాత్రం తెలిసిపోయింది.  సరిగ్గా ఆ నెలలోనే వాడు పరీక్ష తప్పి, స్నేహితులకు మొహం చూపించలేక ఇంట్లో ముడుచుకుని ఉన్నాడు. ఆ పూట కుర్చీలో కూర్చుని, నాకేదీ రాదు నాన్నా అని ఏడ్చాడు కూడా. కాసేపటికి తేరుకుని, అద్దంలో తల ఇటూ అటూ తిప్పి, పోన్లే, జుట్టొక్కటైనా బాగుంది అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక మేస్త్రీకి నోరు పెగల్లేదు. వాడికి మిగిలిందని వాడనుకుంటున్నది కూడా తనే ఎలా లాక్కుంటాడు? వచ్చే నెల చెబుదామనుకున్నాడు.

వచ్చే నెల వాడు కాస్త తేరుకున్నాడు, మళ్ళీ ఎందుకు కుంగదీయడమనుకున్నాడు. ఆ పై నెల వేరే సాకు దొరికింది. చెప్పని మాటకు నెలనెలా బరువు పెరుగుతుంది, ఏడాది దాటాక ఎత్తడం ఎవరి తరం? చెప్పలేనివాడు దాచడం మొదలుపెట్టాడు. దాచడంలో ఆయన్ని మించిన పనివాడు లేడు. తడిస్తే మాడు బయటపడుతుందని జుట్టు తడపడం మానేసి పొడిగానే కత్తిరించాడు. నెత్తి మీద పడే లైటు కింద నుంచి కుర్చీని కిటికీ పక్కకు జరిపాడు, గాలి బాగా వస్తుందన్నాడు. నడినెత్తిన పొడుగు ఉంచి, పక్కల నుంచి ఉంగరాలను తెచ్చి సుడుల మీద ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాడు. ఇంట్లో వాడు దువ్వుకున్నా చెదరకుండా, లేచిన చోటే మళ్ళీ పడేటట్టు కత్తెరతో వాటికి దారి నేర్పాడు. చివర్లో చేతి అద్దం మెడ దాకా చూపించాడు. ఏడేళ్ళ పాటు, ఎనభై నాలుగు కటింగులు అలా జరిగాయి. మేస్త్రీ చేసిన పనులన్నిట్లోకీ గొప్ప పనితనం అదే, దాన్ని మెచ్చుకునే దిక్కు మాత్రం ఉండకూడదు.

సూపర్‌మార్కెట్లో ఉంగరాలుని సూపర్‌వైజరుని చేశారు. ఒక మధ్యాహ్నం ఎవరో ఆవిడ మూడో కౌంటరు దగ్గర గొడుగు మరిచిపోయానని వస్తే, కెమెరా రికార్డింగులో చూద్దామని వాడు సెక్యూరిటీ గదిలోకి వెళ్ళాడు. కెమెరా పైకప్పుకి ఉంటుంది, బొమ్మ నెత్తి మీద నుంచి పడుతుంది. మూడో కౌంటరు లోపల ఒక మనిషి వంగుని బిల్లు చూస్తున్నాడు. నడినెత్తిన అరచేయంత మేర పలచగా, మాడు తెల్లగా మెరుస్తోంది. ఈ పెద్దాయనెవరు, మన కౌంటరు లోపలికెందుకొచ్చాడని వాడు అడిగాడు. సెక్యూరిటీ మనిషి మొదట వేళాకోళమనుకున్నాడు. తర్వాత వాడి మొహం చూసి, నవ్వాలో వద్దో తెలియక, అది మీరే సార్ అన్నాడు.

ఈ సంగతి వాడు ఎవరికి చెప్పుకుంటాడు? అలవాటు ప్రకారం ఒకటో తారీఖున కుర్చీలో కూర్చుని తండ్రికే చెప్పాడు. తమాషాగా మొదలుపెట్టాడు, 'పెద్దాయన' దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నీకు కనిపించలేదా నాన్నా అని అద్దంలోకి చూసి అడిగాడు. చెప్పడానికి దేవుడిచ్చిన సమయమంటే అదే. మేస్త్రీ దువ్వెన దులిపి, ఈమధ్యే కాస్త పలచబడినట్టుందిరా, వయసు కదా అన్నాడు. ఇరవై ఆరేళ్ళవాడితో వయసు కదా అన్నాడు. అబద్ధం మీద అబద్ధం పడిందని తెలిసి కూడా ఆయన చేతులు ఆగలేదు, అలవాటుగా ఉంగరాలను తెచ్చి సుడుల మీద సర్దుతూనే ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి వాడు తండ్రిని కూడా రమ్మన్నాడు. జుట్టు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, ఆవిడ ఏదైనా అడిగితే నువ్వు చెబుదువుగాని అన్నాడు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు మేస్త్రీ.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. సబ్బుబిళ్ళంత కెమెరా ఒకటి వాడి మాడుకి ఆనించి, పక్కనున్న తెర మీద చూపించింది. ముందు మెడ పైభాగం చూపించింది, అక్కడ వెంట్రుకలన్నీ ఒకే లావున ఉన్నాయి. తర్వాత నడినెత్తి చూపించింది. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి దూదిపోగంత, మధ్య మధ్య ఉత్త గుంటలు. వంశాన్ని బట్టి వచ్చేదే, తల్లి వైపు నుంచైనా తండ్రి వైపు నుంచైనా రావచ్చు, ఎవరి తప్పూ కాదంది. రాసుకునే మందుంది, వేసుకునే మాత్ర ఉంది, మాత్ర కొందరికి పడదు కాబట్టి ఏ తేడా తెలిసినా వెంటనే వచ్చి చెప్పాలంది. నాటించుకోవడం గురించి ఇప్పుడే తొందరొద్దు, ముందు ఉన్నదాన్ని నిలబెట్టాలంది. సన్నబడినవాటిని కొంత కాపాడవచ్చు గానీ పూర్తిగా మూసుకుపోయిన చోట మందులు మొలిపించలేవని కూడా దాచకుండా చెప్పేసింది.

ఎప్పుడు మొదలైందని అడిగింది. ఈ నెలలోనే చూశానండి అన్నాడు వాడు. ఆవిడ తెర వైపు ఇంకోసారి చూసి, ఇది ఆరేడేళ్ళ నుంచి జరుగుతున్నదంది. పందొమ్మిది, ఇరవైలలో వచ్చి ఉంటే చాలా మటుకు నిలబెట్టగలిగేవాళ్ళమంది. తర్వాత మామూలుగా, మందుల చీటీ రాస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"జుట్టు ఎవరి దగ్గర కట్ చేయించుకుంటారు? ముందు వాళ్ళకే తెలుస్తుంది కదా. చెప్పలేదా?"

"మా నాన్నగారే చేస్తారండి" అన్నాడు వాడు. ఆ గొంతులో గర్వం ఇంకా ఉంది. "ఆయన చూస్తే నాకు చెప్పకుండా ఉండరు."

డాక్టరమ్మ కలం ఆపింది. మేస్త్రీ వేళ్ళ వైపు చూసింది, కత్తెర పట్టీ పట్టీ కాయలు కాసిన బొటనవేలి వైపు చూసింది. చీటీ ముగించి వాడి చేతికిచ్చింది. మేస్త్రీకి భూమి చీలితే బాగుండుననిపించింది.

బయట మెట్లు దిగుతూ ఉంగరాలు నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. జనం అటూ ఇటూ తప్పుకుని దిగుతున్నారు. వాడు చీటీని మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడతపెడుతున్నాడు. వాడు మనసులో ఏదో లెక్క కూడుకుంటున్నాడని మేస్త్రీకి అర్థమైంది.

"జుట్టు తడపడం ఎప్పుడు మానేశావు నాన్నా?"

 మేస్త్రీకి అబద్ధమాడే ఓపిక ఇక లేదు.

"ఏడేళ్ళయింది."

"కుర్చీ జరిపింది కూడా అందుకేనా?"

మేస్త్రీ తల ఊపాడు. నువ్వు బాధపడతావని, అప్పటికే నువ్వు కుంగిపోయి ఉన్నావని, మందులన్నీ దండగనుకున్నానని, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదామని, నోటికొచ్చినవన్నీ గబగబా చెప్పాడు. చెబుతుంటేనే అవన్నీ ఎంత చవగ్గా ఉన్నాయో ఆయనకే వినబడింది. వాడు చివరిదాకా విన్నాడు, కేకలేస్తాడనుకుంటే వేయలేదు.

"బాధ నాది కదా నాన్నా. నాకిచ్చెయ్యాల్సింది" అన్నాడు. తర్వాత ఇంకా నెమ్మదిగా, "షాపుకొచ్చినవాళ్ళకి అద్దం దించి చూపిస్తే సరే. నేను షాపుకొచ్చినవాణ్ణా?" అన్నాడు.

మెట్లు దిగి ఒక్కడే వెళ్ళిపోయాడు. మేస్త్రీ ఆ మెట్టు మీదే, దారికి అడ్డంగా నిలబడి ఉండిపోయాడు. ఎవరో పక్కకు జరగండి అనేదాకా ఆయనకు సోయి లేదు.

తర్వాతి ఒకటో తారీఖున మేస్త్రీ ఏడింటికే షట్టరు సగం ఎత్తి, ఉతికిన గుడ్డ మడత విప్పి కుర్చీ మీద వేసి కూర్చున్నాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. గడ్డానికి వచ్చిన బస్సు డ్రైవరు ఆ కుర్చీలో కూర్చోబోతే, అది కాదు, ఇటు అన్నాడు. ఆ సాయంత్రం కొడుకు రెండు వీధుల అవతల కొత్త సెలూన్‌లో కత్తిరించుకుని వచ్చాడు. ఒక్క చూపులో తెలిసిపోయింది. ఆ కుర్రవాడెవడో సుడులు చూసుకోకుండా ఎదురు కత్తిరించాడు, నడినెత్తిన వెంట్రుకలు పొడుచుకు లేచి నిలబడ్డాయి. ఏడేళ్ళు కప్పినదంతా ఒక్క పూటలో బయట పెట్టేశాడు. తప్పు ఆ కుర్రవాడిదనడానికి మేస్త్రీకి నోరు రాలేదు.

ఇంట్లో వైద్యం మొదలైంది. చుక్కలు వేసే గొట్టం ఉన్న సీసా ఒకటి వంటింటి కిటికీలో చేరింది. నడినెత్తి వాడికి కనబడదు కాబట్టి రెండు పూటలా వాళ్ళమ్మే పాయలు తీసి రాసేది. ఆ పని చేయాల్సిన చేతులు అవతల గదిలో ఊరికే ఒళ్ళో పడుండేవి. మొదటి నెలన్నరలో జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. పాతవి రాలి కొత్తవి వస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పిందట. అయినా స్నానాల గది జాలీలో చుట్టుకున్న పోగుని చూసి వాడు తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. మాత్ర వాడికి పడలేదు, మనిషి దిగులుగా ఉంటున్నాడని మూడో నెలలో డాక్టరమ్మే మాన్పించింది. ఈ కబుర్లన్నీ మేస్త్రీకి భార్య నోటి గుండానే చేరేవి. డాక్టరమ్మకు పంపడానికి మూడు నెలలకోసారి ఆవిడ ఫోనుతో వాడి నడినెత్తి ఫొటో తీసేది. ఒకరోజు వాడు బయటికెళ్ళాక మేస్త్రీ ఆ ఫొటో చూపించమని అడిగాడు. ముందు వైపు జుట్టు రాలకుండా నిలిచింది. సుడుల దగ్గర ఏమీ రాలేదు. ఆయన ఫోను మీద బొటనవేలితో నిమిరితే బొమ్మ జరిగిపోయింది. ఆవిడ భర్త మొహం చూసి ఫోను తీసేసుకుని లోపలికెళ్ళింది.

భోజనాల దగ్గర వాడు ఉప్పు, నీళ్ళు అనేవాడు, మర్యాదగానే అనేవాడు. ఆ మర్యాదే మేస్త్రీని కోసేది. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నాడో. నెలలు గడిచేకొద్దీ ఆయన్ని కుళ్ళు కూడా పట్టుకుంది, దాచడమెందుకు. ఆ కొత్త సెలూన్ కుర్చీలో కూర్చుని కొడుకు ఆ కుర్రవాడికి అన్నీ చెప్పుకుంటున్నాడని ఊహించుకునేవాడు. మందు మంటెత్తించిన సంగతి, మాత్ర పడని సంగతి, ఉద్యోగం కబుర్లు, ఒకవేళ ఎవరైనా అమ్మాయి ఉంటే ఆ అమ్మాయి కబుర్లు. తనది కావాల్సిన అరగంట ఎవడో ఊరూ పేరూ తెలియనివాడు అప్పనంగా కొట్టేశాడని పళ్ళు కొరికేవాడు. అంతలోనే, పోనీ ఎవరో ఒకరికి చెప్పుకుంటున్నాడు కదా అని తనను తను సముదాయించుకునేవాడు. ఆ పది నెలలూ ఆయన ఆ ఒక్క ఊహను పట్టుకునే నెట్టుకొచ్చాడు.

ఆ కుర్చీ ఖాళీగా ఉన్న పదకొండో ఒకటో తారీఖున తొమ్మిదింటి దాకా చూసి, మేస్త్రీ ఉన్నట్టుండి లేచాడు. పనిరోజున పొద్దున పూట ఆ షాపు మూయడం అదే మొదలు. రెండు వీధులు దాటేదాకా ఏం చెప్పాలో వల్లించుకుంటూనే ఉన్నాడు. వాడికి రెండు సుడులు, కుడిది ఇటు తిరుగుతుంది, ఎడమది అటు తిరుగుతుంది. ఆ రెండింటి మధ్యకు మెషిన్ పోనివ్వకు, కత్తెరే వాడు. దాచొద్దు, కప్పొద్దు, లేచి నిలబడకుండా మాత్రం చూడు, నలుగురిలో తిరిగేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ తల గురించి తను తెలుసుకున్నదంతా ఆ కుర్రవాడి చేతిలో పెట్టేసి రావాలని వెళ్ళాడు. తనకు దక్కకపోతే పోయింది, కొడుకు బాగుంటే చాలు.

సెలూన్ చిన్నది, ఒకటే కుర్చీ. పాతికేళ్ళ కుర్రవాడు కత్తెరలు తుడుస్తున్నాడు. మేస్త్రీని గుర్తుపట్టి, మీరా మేస్త్రీ గారూ, కూర్చోండి అని కంగారుగా గుడ్డ దులిపాడు. మేస్త్రీ కూర్చోలేదు.

"ప్రతి ఒకటో తారీఖూ నీ దగ్గరికి ఒకబ్బాయి వస్తాడు. ఉంగరాల జుట్టు. నడినెత్తిన పలచబడింది" అన్నాడు. కొడుకుతో ఏడేళ్ళపాటు అనలేకపోయిన మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసి ఆయనకే సిగ్గేసింది. "మా అబ్బాయి."

"ఆ అన్న మీ అబ్బాయా?" కుర్రవాడు నోరు తెరిచాడు. "ఇప్పుడే వెళ్ళాడండి. పావుగంట కూడా కాలేదు. గుండు చేయించేసుకున్నాడు."

అప్పుడు కిందికి చూశాడు మేస్త్రీ. కుర్చీ చుట్టూ నేల మీద నల్లగా ఉంగరాలు పడి ఉన్నాయి. వేరేవాళ్ళవి కూడా కలిసి ఉన్నాయి గానీ ఏవి ఎవరివో ఆయనకు ఒకరు చెప్పాలా? ముందు వైపువి కాస్త లావుగా, నడినెత్తివి పిచ్చుక ఈకల్లా సన్నగా ఉన్నాయి. మోసుకొచ్చిన సుడుల పాఠమంతా గొంతులోనే ఆగిపోయింది. ఇక అది ఎవరికీ అక్కర్లేదు. 

"ఎందుకు తీయించుకున్నాడు? ఏమన్నా చెప్పాడా?" అని అడిగాడు. చెప్పే ఉంటాడని, ఆ చెప్పినదాంట్లో తన మాట ఒక్కటైనా ఉంటుందేమోనని ఆయన కళ్ళు కుర్రవాడి పెదాల మీదే ఉన్నాయి.

"ఎలా చెబుతాడండీ? మెషిన్ వైపు వేలు చూపించాడు, మొత్తం అన్నట్టు చెయ్యి తిప్పాడు. అంతే." కుర్రవాడు మొహమాటంగా గొంతు తగ్గించాడు. "ఎప్పుడొచ్చినా సైగలే కదండీ. కూర్చున్నంతసేపూ అద్దంలోకి కూడా చూడడు, కళ్ళు మూసుకుంటాడు. నేనే ఏదో ఒకటి వాగుతుంటాను, పాపం వింటాడో లేదో. ఆ అన్నకి పుట్టుకతోనే మాటలు రావా అండి?"

 కుర్రవాడు చీపురు తీసుకుని నేల ఊడుస్తుంటే, ఉంగరాలన్నీ కుప్పగా మూలకు చేరాయి. ఈ పది నెలలూ తన కొడుకు ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఎవడో కొట్టేశాడనుకున్న అరగంట ఎవరి దగ్గరా లేదు.

"లేదు బాబూ" అన్నాడు మేస్త్రీ. "వస్తాయి. చాలా బాగా మాట్లాడతాడు."